చిన్న రైళ్లవారి సల్లాపములు

చరకసంహితలోని విమానస్థానమున ‘తద్విద్యసంభాష’ యను నొక విషయము వచ్చును. ఒకే విద్య నెఱిఁగినవారు కలసికొని, తమ విద్యను గుఱించి తమలో తాము మాటలాడుకొనుట యని దాని యర్థము. వైద్యుఁడు వైద్యునితో నిట్లు సంభాషించుచుండవలెననియు, దానివలన జ్ఞానము వృద్ధిఁబొందుననియు, విన్నదానియందలి సందేహము తొలఁగుననియు నాచార్యుఁడు చెప్పినాఁడు. అంతటితో నాఁగక, ఆ సంభాషను రెండు తెఱఁగులుగా విభజించినాఁడు. స్నేహముతో చేయునది సంధాయసంభాష. గెలువవలెనని కలహించుచు చేయునది విగృహ్యసంభాష. నేఁడు నేను చెప్పఁబోవునది వైద్యులను గుఱించి కాదు. తలలు నెరసిన పిమ్మటకూడ చిన్న రైళ్లను చేసికొని నడపుకొను పెద్దమనుష్యులను గుఱించియు, వారు వారమున కొక సాయంకాలము కూడి చెప్పుకొను మాటలను గుఱించియు. ఆచార్యుఁడు చెప్పిన సంధాయసంభాషకు నేఁటి లోకమున నింతకంటె మంచి యుదాహరణము నాకు కనఁబడలేదు.

మొదట వారి పని యెట్టిదో తెలియవలెను. పిల్లవాఁడు కీ త్రిప్పి వదలిన బొమ్మరైలు గుండ్రముగా తిరిగి తిరిగి యాఁగిపోవును. ఈ పెద్దలది యట్టిది కాదు. నిజముగా నున్న యొక రైలుమార్గమునో, ఉండఁదగినదని తాము భావించిన మార్గమునో యెన్నుకొని, ఫలానా సంవత్సరమున ఫలానా స్టేషను ఎట్లుండెనో విచారించి, ఇంజను మొదలు సిగ్నలు కంబమువఱకు నన్నింటిని ఒకే పాళములో తగ్గించి నిర్మింతురు. ఎక్కువ దేశములలో వాడుకలో నున్న పాళము 87వ వంతు. అనఁగా నిజముగా 87 అడుగుల పెట్టె వీరియింట ఒక యడుగు పొడవుండును.

ఈ పాళముల కొక చరిత్ర కలదు. జర్మనీలోని గోపింజెన్ పట్టణమునకు చెందిన మార్క్లిన్ కుటుంబమువారు 1891లో లైప్‌జిగ్ సంతకు తెచ్చిన రైళ్లకు పట్టాల వెడల్పును బట్టి సంఖ్య లేర్పఱచిరి. అందువలన ఒక పర్యాయము కొన్నవాఁడు మఱుసటి యేఁడు మఱికొన్ని పట్టాలను కొని మొదటివానికి తగిలించుకొనఁగలిగెను. ఆ సంఖ్యలలో సున్న యనునది 32 మిల్లీమీటర్ల వెడల్పు గలది. తరువాత నిండ్లు చిన్నవగుటచేత సున్నలో సగము వచ్చెను. దానినే ‘హెచ్‌ఓ’ యందురు. దాని వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఇంకను చిన్నదైన 9 మిల్లీమీటర్ల దానికి ‘ఎన్’ అని పేరు; జర్మను భాషలోను ఇంగ్లీషులోను తొమ్మిదికి గల పేరు ఆ యక్షరముతోనే మొదలగును. 1972లో మార్క్లిన్ వారే 220వ వంతు పాళమున 6.5 మిల్లీమీటర్ల పట్టాలు గల రైలును వెలయించిరి. దానిలోని యింజను పెద్దవాని బొటనవ్రేలంత యుండును.

తగ్గించుటలో నొక తిరకాసు కలదు. పొడవు 87వ వంతైనపుడు బరువు 87వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూఁడును తగ్గుటచేత బరువు ఆఱున్నరలక్షలవ వంతునకు దిగిపోవును. నూఱు టన్నుల యింజను ఈ లెక్కను నూటయేఁబది గ్రాముల దగును. అంత తేలికయైనది పట్టాను గట్టిగా పట్టుకొనలేక, చక్రములు తిరుగుచున్నను తాను కదలక యుండును. కావున వీరు ఇంజను కడుపులో సీసపుముక్కలు దాఁచుదురు. ‘సీస మెక్కడ పెట్టితివి? చక్రములకు సరిగా పైనా, వెనుక ప్రక్కనా?’ యను ప్రశ్నతో నొక సాయంకాలమంతయు గడచిపోవచ్చును.

ఇఁక వారి గోష్ఠిని చూతము. ఇంగ్లండులో నిట్టి సంఘములు అనేక పట్టణములలో నున్నవి. లండనులోని మోడల్ రైల్వే క్లబ్బు 1910లో స్థాపింపఁబడి, యట్టివానిలో మిక్కిలి ప్రాచీనమైనదిగా పేరొందినది. చిన్న యూళ్లలో సంఘమునకు స్వంత గృహ ముండదు. చర్చిని చేరియున్న హాలునో, మేడమీఁది గదినో అద్దెకు తీసికొందురు. ఒకప్రక్క తేనీరు, బిస్కత్తులు. నడుమ బల్లలమీఁద కూర్చిన రైలుమార్గము. దానిచుట్టును పదిమంది నిలుచుండి, చేతులు పనిలోను, నోళ్లు మాటలోను ఉంచుకొందురు. వీరిలో విశ్రాంతి పొందిన రైల్వే యుద్యోగి యుండును, బ్యాంకు గుమాస్తా యుండును, దంతవైద్యుఁడుండును, బడికి పోవు బాలుఁడుండును. స్త్రీల సంఖ్య తక్కువయైనను వారును లేకపోలేదు. అక్కడ నెవరి జీతమెంతో యెవరును అడుగరు. ‘నీ పట్టాల పని యెంతవఱకు వచ్చినది?’ యనునదే కుశలప్రశ్న.

క్రొత్తగా చేరిన యువకుఁడొకఁడు తన కష్టమును చెప్పుకొనుచున్నాఁడనుకొనుఁడు. ‘పట్టాల నడుమ సన్నని కంకర పోసి, నీళ్లతో పలుచన చేసిన తెల్లజిగురును చుక్కలు చుక్కలుగా వేసితిని. అది లోనికి దిగక పూసలవలె పైననే నిలిచి, కంకరను ప్రక్కకు త్రోసివేసినది. ఏమి చేయవలెనో తోఁచకున్నది.’ ఒక వృద్ధుఁడు తేనీటిగిన్నెను దించి, ‘గిన్నెలు తోము సబ్బునీరు ఒక్క చుక్క దానిలో కలుపుము. ముందుగా కంకరమీఁద నీళ్లను మంచువలె పిచికారి చేయుము’ అనును. కారణమును కూడ చెప్పును. నీటి పైభాగమున నొక బిగువు కలదు. దానివలననే బొట్టు గుండ్రముగా నిలుచును. సబ్బు ఆ బిగువును సడలించును. అప్పుడు జిగురునీరు రాళ్ల సందులలోనికి జాఱి, మఱునాఁటికి కంకర ఱాతివలె గట్టిపడును.

ఇంతలో మూఁడవవాఁడు కలుగఁజేసికొని, ‘పాయింటు దగ్గఱ మాత్రము జాగ్రత్త. నేను మొదటిసారి వేసిన జిగురు కదలెడి పట్టాలక్రిందికి పోయినది. అది నాఁడు ఎటు తిరిగియుండెనో నేఁటికిని అటే యున్నది’ యనును. అందఱును నవ్వుదురు, చెప్పినవాఁడు అందఱికంటె నెక్కువగా నవ్వును. ఈ నవ్వును గమనింపుఁడు. ‘నీవు తప్పుచేయుదువు సుమా’ యని ఆ యువకుని హెచ్చరింపలేదు. ‘నేను తప్పుచేసితిని’ అని చెప్పెను. హెచ్చరిక చేరవలసిన చోటికి చేరినది. ఎవరి యభిమానమునకును భంగము కలుగలేదు.

మఱియొకఁడు తన యింజను పాయింటుమీఁద నాఁగిపోవుచున్నదని చెప్పును. అప్పుడు వీరడుగు ప్రశ్నల క్రమము తర్కము చదివినవానికి ముచ్చట గొల్పును. ‘ఆ యింజనొక్కటే యాఁగునా, అన్నియు నాఁగునా? ఆ చోటనే యాఁగునా, ఇతరస్థలములందును ఆఁగునా?’ అన్ని యింజన్లును ఆ చోటనే యాఁగినచో లోపము పట్టాలోనిది. ఆ యింజనొక్కటే యన్నిచోట్ల నాఁగినచో దాని చక్రములకు మురికి పట్టియుండును. విద్యుత్తు పట్టానుండి చక్రమునకు రావలెను గదా. ఆ యింజను ఆ చోటనే యాఁగినచో దోషము రెంటి కలయికలో నున్నది. పాయింటునందు రెండు పట్టాలు ఒకదానినొకటి దాఁటెడి చిన్నముక్కను కొందఱు ప్లాస్టికుతో చేయుదురు. దానిలో విద్యుత్తు ప్రవహింపదు. పొడవైన యింజనునకు ముందుచక్రములు దానిమీఁద నున్నపుడు వెనుకచక్రములు వెలుపల నుండును గనుక దాఁటిపోవును. పొట్టి యింజను అట్లు కాఁజాలదు. మనవారు అన్వయవ్యతిరేకములని చెప్పునది యిదియే. ఏది యున్నపుడు కార్యము కలుగుచున్నదో, ఏది లేనపుడు కలుగకున్నదో చూచి కారణమును నిశ్చయించుట. ఆ పద్ధతికి పేరు పెట్టకయే యీ పెద్దలు దానిని నిత్యమును ఆచరించుచున్నారు.

అన్ని సంభాషణలును ఇంత శాంతముగా సాఁగునని మీ రనుకొనవలదు. వారిలో నొక పురాతన వివాదము కలదు. ఇంగ్లండు రైళ్లు ఐరోపాఖండములోని రైళ్లకంటె కొంచెము సన్నని శరీరము గలవి. ఆ కాలపు విద్యుత్‌మోటారు సగముసున్న పాళమున చేసిన యింగ్లీషు ఇంజనులో పట్టలేదు. కావున నక్కడి తయారీదారులు ఇంజను శరీరమును కొంచెము పెద్దదిగా, అనఁగా అడుగునకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున చేసి, పట్టాలను మాత్రము 16.5 మిల్లీమీటర్లకే యుంచిరి. న్యాయముగా నది 18.83 మిల్లీమీటర్లుండవలెను. పెద్ద దేహమునకు దగ్గఱదగ్గఱగా కాళ్లు పెట్టినట్లయినది. నాఁటినుండి మూఁడు పక్షములు. ‘అంగడిలో దొరకినది చాలును, రైలు నడచుట ముఖ్యము’ అని యొక పక్షము. 18.2 మిల్లీమీటర్లకు జరుపుకొనిన మధ్యేమార్గమువా రొకరు. 18.83 తప్ప వేఱొకటి సత్యము కాదని, చక్రములను పట్టాలను చేతితో చేసికొనువారు మఱొకరు. ఏఁబదియేండ్లకు మించి యీ చర్చ నడచుచునే యున్నది.

ఈ చిక్కు మనదేశపు రైళ్లను చేయఁబూనినవానికిని తప్పదు. మన పెద్దపట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేసినచో 19.26 మిల్లీమీటర్లగును. దొరకు పట్టాలు 16.5 మాత్రమే. దాదాపు మూఁడు మిల్లీమీటర్ల లోపము. దీనికి కొందఱు చెప్పు ఉపాయము చమత్కారముగా నుండును: ‘నీవు మీటరుగేజి మార్గమును ఎన్నుకొనుము.’ ఒక మీటరులో 87వ వంతు పదునొకటిన్నర మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరకుచునే యున్నవి. ఆ లోపము కంటికి కనఁబడదు. నల్లమల కొండలలో దొరబావి వంతెనమీఁద మీటరుగేజి బండ్లు నడచిన కాలమును తెచ్చి బల్లమీఁద పెట్టఁదలఁచినవానికి లెక్క తానై కుదురును. అడవిలో పట్టాలు మాఱి, ఆ వంతెన విడువఁబడినది. బల్లమీఁద మాత్రము అది బ్రదికియుండవచ్చును.

మఱి రాజమహేంద్రవరము దగ్గఱ గోదావరిపై 1900 సంవత్సరమున తెఱచి, 1997 వఱకు బండ్లను మోసిన పాతవంతెనను చేయఁదలఁచినచో? దానికి 56 ఖానాలు. పొడవు రెండున్నర కిలోమీటర్లని తక్కువగా లెక్కించినను, 87వ వంతు 28 మీటర్లు దాఁటును. అంత పొడవైన గది యే గృహస్థునకును లేదు. ఇప్పుడు వీరి సంభాషణము శిల్పశాస్త్రమువైపు తిరుగును. ఎన్ని ఖానాలు పెట్టినచో చూచువాఁడు గోదావరియని నమ్మును? మూఁడు పెట్టినచో కాలువయనును. ఏడెనిమిది పెట్టినచో కన్ను లెక్కించుట మానివేయును. లెక్కింప మానినచోట ‘చాలయున్నవి’ యను భావము మొదలగును. వంపును గుఱించియు నింతే. మన పెద్దపట్టాలమీఁద మిక్కిలి గట్టి వంపునకు 175 మీటర్ల వ్యాసార్ధము. దానిలో 87వ వంతు రెండు మీటర్లు. అంగడిలో పెట్టెతోకూడ వచ్చు పట్టాల వంపు 36 సెంటీమీటర్లే. కావున ప్రతివాఁడును ఎక్కడనో యొకచోట నిజమును కుదించుకొనవలసినదే. ఎక్కడ కుదించినను నిజమునకు చేటురాదో తెలియుటయే యీ విద్యయందలి మర్మము.

ఇచ్చటనే విగృహ్యసంభాషకు ద్వారము తెఱచుకొనును. ప్రతివాఁడును కుదించుకొనువాఁడే కనుక, ప్రతివానిలోను ఎదుటివాఁడు తప్పుపట్టవచ్చును. ఇంజను బొగ్గుతొట్టికి ఎన్ని మేకుబొడిపెలుండవలెనో లెక్కించి, రెండు తక్కువైనవని దోషము చూపువారు కలరు. వారికి ‘మేకులు లెక్కించువాఁడు’ అని యెగతాళిపేరు పెట్టిరి. దీనికి ప్రతిగా మఱొక సామెతవంటి మాట వారిలో పుట్టినది; దానిని ‘మొదటి నియమము’ అందురు. ‘ఇది నా రైలు, నా యిష్టము వచ్చినట్లు నడపుకొందును’ అని దాని సారము. ఈ రెండును విరుద్ధములుగా కనఁబడును. విచారింపఁగా రెండును అవసరములే. లెక్కించువాఁడు లేనిచో విద్య పలుచఁబడును. మొదటి నియమము లేనిచో స్నేహము చెడును. మంచి సంఘములలో మేకులు లెక్కించువాఁడు అడిగినవానికి మాత్రమే తన లెక్క చెప్పును. అడుగనివాని రైలును చూచి, ‘చక్కగా నడచుచున్నది’ యని యూరకుండును. అతని జ్ఞానము తగ్గలేదు. దానిని ఎప్పుడు విప్పవలెనో తెలిసికొన్నాఁడు.

ఇట్టి మాటలు వట్టి కాలక్షేపమని తోఁచవచ్చును. కాని వానినుండి పుట్టిన కార్యములను చూడుఁడు. ఒకప్పుడు అమెరికాలో ఒక తయారీదారుని చక్రములు మఱొకని పట్టాలపై నిలిచెడివి కావు. స్నేహితుని యింటికి తన యింజనును తీసికొనిపోయినవాఁడు దానిని నడపలేక తిరిగివచ్చెడివాఁడు. 1935లో మిల్వాకీ నగరమున అట్టివారు కూడి జాతీయసంఘము నేర్పఱచుకొని, చక్రము అంచు ఎంత యుండవలెను, పట్టాల నడుమ నెంత యెడముండవలెను అని కొలత లేర్పఱచిరి. స్నేహితులు ఒకరి యింటికొకరు పోవుటకై పుట్టిన ప్రమాణములవి. తరువాత 1990ల దశకమున జర్మనీలోని లెంజ్ అనువాని పద్ధతి నాధారము చేసికొని, ఒకే పట్టామీఁది పలు ఇంజన్లకు వేఱువేఱు ఆజ్ఞలు పంపు సాంకేతికప్రమాణమును కూడ ఆ సంఘమే వెలువరించినది.

మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1946లో విద్యార్థులు ఇట్టి సంఘమునే స్థాపించిరి. వారిలో కొందఱికి చెట్లును కొండలును ప్రియములు. మఱికొందఱికి బల్లక్రింది తీగలు ప్రియములు. ఆ తీగలవారు టెలిఫోనుశాఖలో వాడెడి రిలేలను కూర్చి, ఒకే మార్గమున పలువురు పలు బండ్లను నడపు యంత్రమును సిద్ధపఱచిరి. పనిచేయుచు మాటలాడుచు తమలో తా మొక భాషను కల్పించుకొనిరి. పీటర్ శాంసన్ అను సభ్యుఁడు 1959లో ఆ మాటలకు చిన్న నిఘంటువును కూర్చినాఁడు. నేఁడు కంప్యూటరు పనివారు లోకమంతట పలికెడి ‘హ్యాక్’ అను మాట వారి వాడుకలో పెరిగినదే. బల్లక్రింద తీగలు కలిపిన ఆ చేతులే పిమ్మట విద్యాలయములోని మొదటి కంప్యూటర్లను చేరినవి. బొమ్మలాట యని త్రోసిపుచ్చినచో ఈ కథ యంతయు మనకు కనఁబడదు.

ఇఁక ఇంగ్లండులోని యొక మతగురువు కథ చెప్పెదను. పీటర్ డెన్నీ అను నాయన బకింగ్‌హాం అను ఊరికి వచ్చు శాఖామార్గమును కల్పించి, దశాబ్దములపాటు దానిని నిర్మించి నడపినాఁడు. అతని మార్గమున బండ్లు కాలపట్టిక ననుసరించి నడచును. ఒక స్టేషనునుండి మఱొక స్టేషనునకు గంటలతో కబురు పోవును. ఇంగ్లండు రైల్వేలలో నిజముగా నున్న పద్ధతియే యిది. ఒక్క గంట కొట్టినచో ‘వినుచున్నావా?’ అని యర్థము. అవతలివాఁడు ఒక్క గంట తిరిగి కొట్టినచో ‘వినుచున్నాను’ అని. నాలుగు గంటలు కొట్టినచో ‘ఎక్స్‌ప్రెస్సు వచ్చుచున్నది, దారి యిత్తువా?’ అని. దారి యున్నచో అవతలివాఁడు నాలుగును తిరిగి కొట్టును; లేనిచో మౌనము వహించును. కాదనుటకు మాట లేదు, మౌనమే. ఇంత మర్యాదగల సంభాషణము మనుష్యుల నోట నెప్పుడోగాని వినఁబడదు!

అవతలి స్టేషనున గంటకు బదులు పలికెడివాఁడు డెన్నీ కుమారుఁడు క్రిస్పిన్. కుమారుఁడెల్లప్పుడు ప్రక్కన నుండఁడు గదా. అతఁడు లేనప్పుడు బదులు పలుకుటకు తండ్రి యొక యంత్రమును నిర్మించి, దానికి ‘స్వయంచాలక క్రిస్పిన్’ అని పేరు పెట్టినాఁడు. ఆ యంత్రము గంటను విని తిరిగి కొట్టును, బండిని పుచ్చుకొనును, పంపును. నైపుణ్యమునకు మెచ్చుకొనవలసినదే. అయినను ఆ పేరును విన్నపుడు నాకు నవ్వును, దానివెంటనే మఱొక భావమును కలుగుచుండును. తండ్రి దానికి గంటయంత్రమని పేరు పెట్టలేదు. కుమారుని పేరు పెట్టినాఁడు. బదులు పలుకువాఁడు కావలెననునది మనుష్యుని స్వభావము. యంత్రము ‘దారి యున్నది’ యని చెప్పఁగలదు. ‘నిన్న నీకు జ్వరమని విన్నాను, తగ్గినదా?’ యని యడుగలేదు.

అమెరికాలో మాంటెరీ పట్టణమున జాన్ ఆలెన్ అను ఛాయాచిత్రకారుఁడుండెను. తన యింటి క్రిందిగదిని కొండలతోను లోయలతోను నింపి, అతఁడొక రైలుమార్గమును నిర్మించినాఁడు. దాని పేరు పైకి రెండూళ్ల పేర్లవలె నుండును. బిగ్గఱగా చదివినచో ‘నెత్తురోడి యోడినది’ యని యర్థమిచ్చును. హాస్యప్రియుఁడు. బండ్లను అటునిటు త్రోయుటకు ఇంజనునకు బదులుగా నొకచోట పూర్వయుగపు రాక్షసబల్లిని నియమించినాఁడు! అతని మిత్రులు నియమముగా వచ్చి, ఒకఁడు స్టేషనుమాస్టరుగా, ఒకఁడు డ్రైవరుగా ఆ మార్గమును నడపుచుండెడివారు. 1973లో అతఁడు గుండెపోటుతో మరణించెను. కొలఁదిదినములకే ఆ యింట నిప్పంటుకొని, ఆ నిర్మాణములో నధికభాగము బూడిదయైపోయినది. ఇరువదియేండ్ల చేతిపని పోయినది. మిగిలినవి ఛాయాచిత్రములు, వ్రాసిన వ్యాసములు, అతఁడు దాఁచుకొనక మిత్రులకు చెప్పివేసిన ఉపాయములు. చెప్పివేసినది నిప్పునకు చిక్కలేదు. విద్యావంతుఁడు సంభాషణోత్సాహమున, గురువు రహస్యముగా నుపదేశించినదానినికూడ బయటపెట్టునని చరకసంహితలో నున్నది. దానిని లోపముగా గాక లాభముగా నచ్చట చెప్పియున్నారు. ఎందుకో యీ కథ విన్న పిమ్మట నాకు తెలిసినది.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చెదను. ఈ సంఘములలో పెద్దలు ఎక్కువ, పిల్లలు తక్కువ. విద్య నిలుచునా యని వారికి బెంగ గలదు. అది నిలుచుటయు నిలువకుండుటయు నొక్క ఘడియలో తేలును: క్రొత్తవాఁడు తన మొదటి ప్రశ్న నడిగిన ఘడియలో. ‘రెండు తీగలను ఎటు కలిపినను ఒకటే గదా?’ యని యతఁడు అడుగవచ్చును. వినువారికది నూఱవసారి. అడుగువానికి మొదటిసారి. ‘ఇదికూడ తెలియదా?’ యని యొక్కఁడు పెదవి విఱిచినచో ఆ బాలుఁడు తేనీరు త్రాగి, వందనము చేసి, వెళ్లిపోవును. మఱల రాఁడు. అతఁడెందుకు రాలేదో కూడ వీరికి తెలియదు.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తప్పులు దిద్దినవాఁడను. విభక్తి తప్పినను, ఛందస్సు తప్పినను వెంటనే యెఱ్ఱసిరాతో గీఁత గీసెడివాఁడను. దిద్దుట సరియే. దిద్దిన పిమ్మట ఆ బాలుఁడు మఱల నాదగ్గఱకు ప్రశ్నతో వచ్చినాఁడా, లేదా యని లెక్క చూచుట మాత్రము ఆలస్యముగా నేర్చుకొంటిని. ఒకప్పుడు తరగతిలో నొకని యుచ్చారణమును నేను పరిహసించితిని. అతఁడు సంవత్సరాంతమువఱకు నోరు మెదపలేదు. అతని తప్పు పోయినదో లేదో నాకు తెలియదు, నోరుమాత్రము పోయినది. ‘నా పాయింటు జిగురులో నంటుకొనిపోయినది’ యని నవ్విన ఆ వృద్ధుని వంటి గురువు ఆ తరగతిలో లేఁడు. ఈ రైళ్లవారిని గుఱించి నేను చదువుటయు, వినుటయు వినోదముగా మొదలై, చివరకు నాకే పాఠమైనది.

ఈ సల్లాపములలో మఱొక గుణము గలదు. పురుషులు, ముఖ్యముగా వయసుమీఱినవారు, తమ కష్టమును నేరుగా చెప్పుకొనలేరు. ఎదురెదురుగా కూర్చుండి ‘నీ మనసులో నేమున్నది?’ యని యడిగినచో ‘ఏమియు లేదు’ అందురు. ఇద్దఱి నడుమ నొక చిన్న యింజనును విప్పి పెట్టినచో, కన్నులు దానిమీఁద నుండును, చేతులకు పని యుండును; అప్పుడు మాట తానై జాఱును. ‘ఈ వసంతమున పట్టాలపని సాఁగలేదు. ఇంటిలో ఆమె ఆసుపత్రిలో నున్నది’ అని యొకఁడు తల యెత్తకయే చెప్పును. ఎదుటివాఁడును తల యెత్తఁడు. ‘గురువారము నేను కారులో దింపెదను’ అనును. అంతే. మఱల సీసపుముక్కల ప్రసంగము. రెండు వారములు రానివాని యింటికి ఎవరో యొకరు కబురుపెట్టుదురు. సభ్యుఁడు మరణించినచో ఏది విలువగలది, ఏది కాదు అని అతని భార్యకు తెలియదు. సంఘములోనివారు పోయి, లెక్క వ్రాసి, మోసము జరుగకుండ తగిన ధరకు అమ్మిపెట్టుట చాలచోట్ల కలదు. సంధాయసంభాష యొక్క చివరి వాక్యము అది.

మన దేశమునను ఈ యభిరుచి లేకపోలేదు. పూనానగరమున జోషీగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల 1998లో ప్రజలకొఱకు తెఱవఁబడినది. సిగ్నళ్లును స్టేషనులును గల నగరమునే యచ్చట చూడవచ్చును. మన తెలుగు గృహములలో సంక్రాంతికి పెట్టెడి బొమ్మలకొలువు సంగతి మీకు తెలిసినదే. మెట్లమీఁద దేవతలు, క్రింద ఊరు, చెఱువు, పొలము, ఒకమూల రైలు. పేరంటమునకు వచ్చినవారు ‘ఈ చెట్టు దేనితో చేసితిరి?’ యని యడుగుదురు. ఆవాలు మొలకెత్తించి పైరు చేసితిమని యింటి యాఁడుబిడ్డ చెప్పును. అదియును తద్విద్యసంభాషయే. వేలరూకల వస్తువులు లేకున్నను ఆ సల్లాపమునకు కొదవలేదు.

కావున శ్రోతలారా, అట్టతో పెట్టె చేసి, అగ్గిపెట్టెలతో స్టేషను కట్టెడి బాలుఁడు మీ యింట నున్నచో, లేక పెన్షను పుచ్చుకొని పగలంతయు ఏమియు తోఁచక కూర్చున్న పెద్దవాఁడున్నచో, వారిరువురిని ఒక బల్లకు రెండువైపుల కూర్చుండఁబెట్టుఁడు. మొదటి ప్రశ్న బాలుఁడడుగును. బదులు చెప్పుటకు ముందు పెద్దవాఁడు తన మొదటి తప్పును జ్ఞాపకము చేసికొనుఁగాక. మిగిలినది వారే చూచుకొందురు. ఇఁక సెలవు.